పబ్ మూలన ఉండే ఫ్రూట్ మెషీన్ ఆన్‌లైన్‌కి వస్తే ఏమవుతుంది?

మీరు అడిగింది ఇది: బర్మింగ్‌హామ్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నారు, వారాంతాల్లో పబ్‌లో పార్ట్‌టైమ్ చేస్తున్నారు. అక్కడ మూలనున్న ఫ్రూట్ మెషీన్‌లో, అంటే నాణెం వేసి పళ్ల బొమ్మల రీళ్లు తిప్పే జూదం పెట్టెలో, హోల్డ్ (రీల్‌ని ఆపి ఉంచడం), నడ్జ్ (రీల్‌ని ఒక్కో మెట్టు జరపడం), డబ్బు నిచ్చెన (మెట్టు మెట్టుకీ బహుమతి పెరిగే వరస), పై అంకె-కింద అంకె పందెం ఉన్నాయి. ఆన్‌లైన్ స్లాట్లలో ఇవి దాదాపుగా కనబడవు. ఆ మెషీన్‌ని ఉన్నదున్నట్టుగా ఆన్‌లైన్‌లో డబ్బు ఆటగా పెట్టొచ్చా, పెట్టగలిగితే ఇన్నాళ్లూ ఎవరూ ఎందుకు పెట్టలేదు, మీరూ మీ రూమ్మేటూ కలిసి దాన్ని తయారు చెయ్యొచ్చా అని అడిగారు.

నేను పద్నాలుగేళ్లుగా మాంచెస్టర్ దగ్గర ఇలాంటి ఆటలకి లెక్కలు రాసే పనిలో ఉన్నాను. మొదటి కొన్నేళ్లు పబ్ మెషీన్లు, తర్వాత ఆన్‌లైన్ ఆటలు. అందుకే కొంచెం పొడుగ్గా చెప్తాను. ఒక్క మాటలో అయితే: దాని రూపురేఖలన్నీ ఆన్‌లైన్‌కి వస్తాయి. దాని జ్ఞాపకశక్తి మాత్రం రాదు. పబ్‌లో మీరు చూస్తున్నది ఫ్రూట్ మెషీన్ అయిందే ఆ జ్ఞాపకశక్తి వల్ల.

సంక్రాంతికి ఊళ్లో గుండాట దగ్గర నిలబడ్డవాళ్లకి ఒక మాట బాగా తెలుసు. "ఆ బొమ్మ పడి చాలాసేపయింది, ఇప్పుడు అదే పడుద్ది" అని ఎవడో ఒకడు డబ్బంతా దాని మీదే పెడతాడు. అది పొరపాటని లెక్కల మేస్టారు ఎవరైనా చెప్తారు. పాచికకి ఇందాక ఏం పడిందో గుర్తుండదు కదా. ఇంగ్లండ్ పబ్‌లోని పాతకాలం ఫ్రూట్ మెషీన్‌కి మాత్రం అది గుర్తుంటుంది. చాలాసేపటి నుంచి డబ్బు మింగుతూ ఉంటే, అది ఇచ్చే సమయం నిజంగానే దగ్గరపడుతుంది. అలాంటి మెషీన్లని ఇక్కడ 'కాంపెన్సేటెడ్' అంటారు. లోపలికి ఎంత వచ్చింది, బయటికి ఎంత పోయింది అని ప్రోగ్రామ్ లెక్క పెట్టుకుంటూ ఉంటుంది. అనుకున్న శాతం కన్నా ఎక్కువ ఇచ్చేసి ఉంటే బిగబడుతుంది, తక్కువ ఇచ్చి ఉంటే వదులవుతుంది. మీ పబ్‌లోని మెషీన్ ముందు భాగాన చిన్న అక్షరాల్లో సగటు చెల్లింపు శాతం రాసి ఉంటుంది. అది రాండమ్ మెషీనా, ముందటి ఆటల ప్రభావం ఉండే రకమా అన్నది కూడా అక్కడే ఉంటుంది. ఈ వారం డ్యూటీకి వెళ్లినప్పుడు ఒకసారి చదవండి.

ఈ జ్ఞాపకశక్తి ఎందుకు పెట్టారో తెలిస్తేనే అది ఆన్‌లైన్‌లో ఎందుకు అక్కర్లేదో తెలుస్తుంది.

పబ్ మెషీన్ అంటే ఇనప పెట్టె. అందులో నాణేల డబ్బా ఉంటుంది, ఆ డబ్బాలో ఉన్నంతే ఇవ్వగలదు. చట్టం దృష్టిలో ఇవి 'కేటగిరీ సి' మెషీన్లు. మద్యం లైసెన్స్ ఉన్న పబ్‌కి స్థానిక కౌన్సిల్‌కి తెలియజేసి రెండు మెషీన్లు పెట్టుకునే హక్కు ఉంటుంది. 2005 గ్యాంబ్లింగ్ చట్టం 2007 సెప్టెంబరులో అమల్లోకి వచ్చినప్పుడు వీటి గరిష్ఠ బహుమతి 35 పౌండ్లు. 2009లో 70 అయింది, 2014లో 100 అయింది. పందెం ఒక ఆటకి ఒక పౌండు దాటకూడదు. ఇప్పుడు పబ్ యజమాని వైపు నుంచి చూడండి. వారానికి మూడు వేల ఆటలు, ఆటకి ఒక పౌండు, చెల్లింపు 78 శాతం అనుకుందాం. సగటున 660 పౌండ్లు మిగలాలి. ఆట పూర్తిగా రాండమ్ అయ్యి, ఒక్కో ఆటలో ఊగిసలాట (సగటు నుంచి అటూ ఇటూ పోయే తేడా) పందేనికి అయిదు రెట్లు ఉంటే, వారం మొత్తం మీద ఆ ఊగిసలాట సుమారు 274 పౌండ్లు అవుతుంది. దానికి రెండింతల దాకా అటూ ఇటూ పోవడం మామూలే. అంటే ఒక వారం 110 మిగలొచ్చు, ఒక వారం 1,200 మిగలొచ్చు. శనివారం రాత్రి వరసగా రెండు జాక్‌పాట్లు పడితే బార్ గల్లాలోంచి నాణేలు తీసి డబ్బాలో పోయాలి. చిన్న పబ్‌కి ఈ టెన్షన్ అక్కర్లేదు. వారం వారం నిలకడగా డబ్బు రావాలి. ఆ నిలకడ కోసం పుట్టిందే కాంపెన్సేషన్.

ఆన్‌లైన్‌లో ఇదే ఆట పది లక్షల సార్లు తిరిగిందనుకోండి. 94 శాతం చెల్లించినా 60 వేల పౌండ్లు మిగులుతుంది. ఊగిసలాట 5 వేలు. ఆటలు పెరిగేకొద్దీ ఊగిసలాట మిగులు ముందు చిన్నదైపోతుంది. అంటే పెట్టెకి జ్ఞాపకశక్తి పెట్టాల్సిన కారణమే అక్కడ లేదు. పబ్ మెషీన్ల కన్నా ఆన్‌లైన్ స్లాట్లు ఎక్కువ శాతం తిరిగి ఇవ్వడానికి కారణం కూడా ఇందులోనే కొంత ఉంది. అద్దె, కరెంటు, నాణేలు ఏరే మనిషి, పబ్ వాటా అన్నీ ఆ 22 శాతంలోంచే రావాలి మరి.

సరే, అక్కర్లేకపోయినా సరదాకి జ్ఞాపకశక్తి పెడితే? ఇక్కడే అసలు చిక్కు.

మాంచెస్టర్ పక్కనున్న ఆష్టన్‌లో ఒక పబ్‌లో చూసింది చెప్తాను. మధ్యాహ్నం నాలుగు ప్రాంతం. షిఫ్ట్ దిగి వచ్చిన ఒక పెద్దాయన, చొక్కాకి సిమెంటు మరకలతో, మెషీన్ ముందు నిలబడి ఆడుతున్నాడు. జేబులో నాణేలు అయిపోతే బార్ దగ్గరికి వచ్చి నోటు మార్చుకుని మళ్లీ వెళ్తున్నాడు. రెండు బల్లల అవతల ఇద్దరు కుర్రాళ్లు, చెరో సగం గ్లాసు బీరు ముందు పెట్టుకుని, గంట నుంచి ఒక్క గుక్క తాగలేదు. ఆయన నలభై పౌండ్లు పోసి కోటు వేసుకుని వెళ్లిపోయాడు. తలుపు మూసుకుందో లేదో వాళ్లిద్దరూ లేచారు. పది నిమిషాల్లో జాక్‌పాట్ గలగలమని రాలింది. ఆ నాణేల చప్పుడు నాకింకా చెవిలోనే ఉంది. ఆయన పోసిన డబ్బు వాళ్ల జేబులోకి వెళ్లింది, మెషీన్ తన శాతం తాను నిలబెట్టుకుంది. వాళ్లు దొంగతనమేమీ చెయ్యలేదు. మెషీన్ నిండిందో లేదో కనిపెట్టడమే వాళ్ల పని. ఇలా ఊరూరా తిరిగి బతికినవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు.

ఇప్పుడు దీన్నే సర్వర్ మీద పెట్టండి. దారులు రెండే. మొదటిది, అందరికీ కలిపి ఒకే మెషీన్. అప్పుడు ఆ ఇద్దరు కుర్రాళ్ల స్థానంలో రెండు వేల బాట్లు, అంటే తమంతట తామే ఆడే ప్రోగ్రామ్‌లు, కూచుంటాయి. ఆట ఎంత మింగిందో క్షణం క్షణం అంచనా కట్టి, వదులయ్యే ఘడియలో దిగి ఊడ్చుకుపోతాయి. నష్టమంతా రాత్రి ఇంట్లో కూచుని మామూలుగా ఆడుకునే మనిషిది. పబ్‌లో కనీసం ఆ పెద్దాయన వెనక్కి తిరిగి చూస్తే వాళ్లు కనబడేవాళ్లు. రెండోది, ఒక్కో ఖాతాకి ఒక్కో మెషీన్. ఇది నన్ను ఇంకా భయపెడుతుంది. "నేను 200 పౌండ్లు పోశాను, ఇప్పుడు వదిలేస్తే పోసిందంతా వృథా" అనే ఆలోచన అప్పుడు భ్రమ కాదు, ప్రోగ్రామ్‌లో రాసి ఉన్న నిజమవుతుంది. పోయినదాన్ని రాబట్టుకోవాలని వెంటపడే మనిషికి, ఆ వెంటపడటమే సరైన లెక్క అని మనమే చెప్పినట్టవుతుంది. అర్ధరాత్రి రెండింటికి ఫోన్ పట్టుకున్నవాడికి అలాంటి ఆట ఇవ్వకూడదు.

చట్టం కూడా ఇవ్వనివ్వదు. బ్రిటన్ గ్యాంబ్లింగ్ కమిషన్ ఆన్‌లైన్ ఆటల సాంకేతిక నిబంధనల ప్రకారం ఫలితాలు రాండమ్‌గా రావాలి. ముందు ఏం జరిగిందన్నదాన్ని బట్టి గెలుపు అవకాశాలు మారకూడదు. పబ్ పెట్టెకి చెల్లుబాటయ్యే కాంపెన్సేషన్ ఆన్‌లైన్‌లో చెల్లదు. ఓడిపోయిన ఆటని తీసి దాని బదులు 'అబ్బ, ఒక్క మెట్టులో తప్పిపోయింది' అనిపించే ఓటమి బొమ్మ పెట్టడం కూడా నిషేధమే. నాణెం, పాచిక, పేకముక్కల్లాంటి నిజమైన వస్తువుని చూపిస్తే దాని అసలు అవకాశాలే ఉండాలి. ఈ ఆఖరి నిబంధన ఫ్రూట్ మెషీన్‌కి అన్నిటికన్నా గట్టి దెబ్బ. ఎందుకో కొంచెం నెమ్మదిగా చూద్దాం.

పాత మెషీన్లో నిచ్చెన ఎక్కేటప్పుడు ఒక అంకె చూపిస్తుంది. 4 వచ్చిందనుకోండి. తర్వాతి అంకె పైదా, కిందిదా? 1 నుంచి 12 దాకా ఉంటే, ఎవరైనా 'పైన' అనే నొక్కుతారు. పాత మెషీన్లలో చాలావాటిలో ఆ నొక్కుడుకి అర్థం లేదు. గెలవాలా ఓడాలా అన్నది మెషీన్ ముందే తేల్చుకుంటుంది. పాత మెషీన్ ప్రోగ్రామ్‌ని కంప్యూటర్ మీద నడిపే ఎమ్యులేటర్‌తో నేను ఒక ఆదివారం దీన్ని స్వయంగా చూశాను. అంకె 7 దగ్గర ఆట స్థితిని సేవ్ చేశాను. 'పైన' నొక్కాను, 3 వచ్చి ఓడాను. వెనక్కి వెళ్లి అదే స్థితి నుంచి 'కింద' నొక్కాను, 10 వచ్చి ఓడాను. మళ్లీ చేశాను. మళ్లీ అదే. అప్పటికి నాకు ఆ పనిలో మూడేళ్ల అనుభవం ఉంది, ఇలా ఉంటుందని చదివి తెలుసు కూడా. అయినా కళ్లతో చూసేసరికి కడుపులో తిప్పినట్టయింది. మనిషి ముందు రెండు తలుపులు పెట్టి, రెండింటి వెనకా గోడే కట్టడం అది. ఇక్కడ ఆటగాళ్లు ఎమ్యులేటర్లతో దీన్నే బయటపెట్టి గొడవ చేశాక, 'గెలిచే అవకాశమే లేని ఎంపికని ఈ మెషీన్ ఒక్కోసారి ఇవ్వవచ్చు' అన్న అర్థంతో మెషీన్ల మీద హెచ్చరిక వచ్చింది.

ఆన్‌లైన్‌లో ఆ గోడ కట్టడానికి లేదు కాబట్టి అంకెలు నిజంగా రాండమ్‌గా రావాలి. అప్పుడు లెక్క తలకిందులవుతుంది. 4 మీద, అదే అంకె మళ్లీ రాదనుకుంటే, పైన ఎనిమిది అంకెలు, కింద మూడు. 'పైన' నొక్కితే గెలుపు అవకాశం 11లో 8, అంటే సుమారు 73 శాతం. గెలిస్తే డబ్బు రెట్టింపు. మరి ఇది ఆటగాడికి ఊరికే ఇచ్చే డబ్బు! 2 పౌండ్లు పెట్టినచోట సగటున 2.91 వస్తుంది. ఊళ్లో కోతాట నడిపేవాళ్లెవరూ ఈ బేరానికి ఒప్పుకోరు. ప్రతి మెట్టు దగ్గరా కొత్త అంకె చూపిస్తే, అన్ని అంకెలకీ కలిపి, తెలివిగా ఆడితే ఒక్కో మెట్టుకి గెలుపు అవకాశం 77 శాతం తేలుతుంది. ఒక పౌండు దగ్గర మొదలై ఏడు సార్లు రెట్టింపయ్యే నిచ్చెన పెడితే, పైదాకా చేరేది దాదాపు ఆరుసార్లలో ఒకసారి, 128 పౌండ్లు. ఆ నిచ్చెన విలువ సగటున 21 పౌండ్లు. ఆటకి ఒక పౌండు పందెం, మొత్తం చెల్లింపు 94 శాతం, అందులో 50 శాతం మామూలు రీళ్లు ఇస్తాయి అనుకుంటే నిచ్చెనకి మిగిలేది 44 పెన్నీలు. అంటే దాదాపు 48 ఆటలకి ఒకసారే నిచ్చెన దగ్గరికి రానివ్వాలి. పబ్ మెషీన్లో అయితే నాలుగైదు ఆటలకొకసారి నిచ్చెన మొదటి మెట్టు మీద నిలబెట్టి, వెంటనే పాము నోట్లో పడేస్తుంది. వైకుంఠపాళిలో పాము ఎక్కడుందో కనబడుతుంది, ఇక్కడ కనబడదు. ఆ ఊరింపే పబ్ ఆట రుచి. నిజాయితీగా లెక్క కట్టిన మరుక్షణం ఆ రుచి పోతుంది.

దీనికి విరుగుడు లేకపోలేదు. అంకెని బట్టి చెల్లింపు మార్చొచ్చు. 4 మీద 'పైన' గెలిస్తే రెట్టింపు బదులు 1.37 రెట్లు, 'కింద' గెలిస్తే 3.66 రెట్లు. లెక్క సరిపోతుంది. కానీ అప్పుడది ఫ్రూట్ మెషీన్‌లా ఉండదు, పందేల ధరల పట్టీలా ఉంటుంది. నేను రెండుసార్లు ఇలా తయారు చేశాను. లెక్కలు వచ్చినవాళ్లకి నచ్చింది, ఆడేవాళ్లకి నచ్చలేదు.

హోల్డ్‌ది ఇంకో రకం తలనొప్పి. రెండు ఏడులు వచ్చాయి, వాటిని ఆపి మూడో రీల్ ఒక్కటే తిప్పమంటుంది. అంటే ముందటి ఆటలోది ఏదో తర్వాతి ఆటకి మోసుకెళ్తున్నాం. ఆటగాడు 10 పెన్నీల మీద రెండు ఏడులు పట్టుకుని, పందెం 2 పౌండ్లకి పెంచి హోల్డ్ నొక్కితే? మొదటిసారి ఇలాంటి ఆట రాసే ప్రతివాడూ ఇక్కడ బోల్తా పడతాడు. నేనూ పడ్డాను, టెస్టింగ్‌లో దొరికింది కాబట్టి బతికిపోయాను. హోల్డ్ ఉన్నంతసేపు పందెం తాళం వెయ్యాలి, లేదా ఒక్కో పందెం మొత్తానికి వేరే వేరే స్థితి దాచాలి. నెట్ పోయి మళ్లీ వచ్చినా అదే స్థితి చూపించాలి. నడ్జ్‌లకి పబ్‌లో టైమర్ పరిగెడుతూ ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఒకరి నెట్ వేగం, ఇంకొకరి నెట్ నత్తనడక. చేతివేగం మీద డబ్బు ఆధారపడేలా పెడితే అది అన్యాయం.

అయితే ఇవేవీ ఆన్‌లైన్‌కి రాలేదా అంటే, వచ్చాయి. ఆష్టన్‌లోనే పుట్టిన బార్‌క్రెస్ట్ కంపెనీ 'రెయిన్‌బో రిచెస్' ముందు మెషీన్ల మీద ఆడించి, తర్వాత ఆన్‌లైన్‌లో పెట్టింది. ఇప్పటికీ బ్రిటన్‌లో బాగా ఆడే ఆటల్లో అదొకటి. అందులో దారి వెంట అడుగులు వేసే బోనస్ ఉంది. చూడటానికి అచ్చం పబ్ మెషీన్ దారే. లోపల మాత్రం రాండమ్. 'రీల్ కింగ్' కూడా అలాగే వచ్చింది. అంటే పరిశ్రమ మీ ప్రశ్నకి ఎప్పుడో జవాబిచ్చేసింది: పేరు, బొమ్మ, పాట తీసుకుని ఇంజిన్ మార్చేసింది. ఇంకో విషయం, ఇప్పుడు పబ్‌ల్లోకే పెద్ద టచ్‌స్క్రీన్ పెట్టెలు వచ్చాయి. ఒకే పెట్టెలో బోలెడు ఆటలు, వాటిలో రాండమ్‌వి కూడా చాలానే ఉంటాయి. ప్రయాణం రెండు వైపులా జరుగుతోందన్నమాట.

ఇక మీ ప్రాజెక్టు సంగతి. డబ్బు ఆటగా వద్దు. మొదటి కారణం, లైసెన్స్ లేకుండా బ్రిటన్‌లో అది నేరం. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఆ దరిదాపులకి కూడా వెళ్లకూడదు. ఇండియాలోంచి నడుపుదామని మీ రూమ్మేట్ అన్నారట, అది ఇంకా వద్దు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది, నైపుణ్యం ఆటైనా అదృష్టం ఆటైనా. శిక్ష మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లోనే సొంత చట్టాలు మార్చుకున్నాయి.

రెండో కారణం నా మనసులోది. పబ్ మెషీన్‌కి ఎన్ని లోపాలున్నా కొన్ని గోడలున్నాయి. ఒక పౌండు పందెం, వంద పౌండ్ల బహుమతి, జేబులో నాణేలు, పక్కన మనుషులు, పదకొండింటికి గంట కొట్టే బార్ మనిషి. ఆన్‌లైన్‌లో ఆ గోడలు చట్టం ఒక్కొక్కటిగా కట్టుకుంటూ రావాల్సి వచ్చింది. 2020 ఏప్రిల్‌లో క్రెడిట్ కార్డులు ఆపారు. 2021 అక్టోబరు నుంచి స్లాట్లలో ఆటోప్లే తీసేశారు, ఒక్కో స్పిన్‌కి కనీసం రెండున్నర సెకన్లు పెట్టారు, పెట్టినదాని కన్నా తక్కువ వచ్చినప్పుడు గెలిచినట్టు డప్పు కొట్టడం ఆపారు. 2025 ఏప్రిల్‌లో స్లాట్ల పందేనికి 5 పౌండ్ల పరిమితి, మే నుంచి 18-24 ఏళ్లవాళ్లకి 2 పౌండ్లే. ఆ వయసు మీది, మీ క్లాస్‌మేట్లది. మనవాళ్లలోనే ఒక అబ్బాయి, రెండో టర్మ్ ఫీజుకని ఇంట్లోవాళ్లు పంపిన డబ్బు నాలుగు రాత్రుల్లో ఫోన్‌లో పోగొట్టుకుని నా దగ్గరికొచ్చి కూచున్నాడు. నాన్నకి ఏం చెప్పాలో తెలియక గంటసేపు షూ లేసు వేలికి చుట్టుకుంటూనే ఉన్నాడు. ఆ రాత్రి ఇద్దరం కలిసి గామ్‌స్టాప్‌లో పేరు నమోదు చేశాం. లైసెన్స్ ఉన్న ఆన్‌లైన్ సైట్లన్నిటి నుంచీ మనల్ని మనమే దూరం పెట్టుకునే ఉచిత పద్ధతి అది. మీ చుట్టూ ఎవరికైనా అవసరమైతే ఆ మాట చెప్పండి.

ప్రాజెక్టు మాత్రం చెయ్యండి, డబ్బూ బహుమతీ లేకుండా. ఒకే మెషీన్, పైన ఒక మీట. మీట ఒక వైపు ఉంటే కాంపెన్సేటెడ్, రెండో వైపు రాండమ్. పక్కన ఒక గీత, లోపలికి ఎంత వచ్చింది, బయటికి ఎంత పోయింది చూపిస్తూ ఉండాలి. పై అంకె-కింద అంకె దగ్గర 'వెనక్కి వెళ్లి రెండోది నొక్కి చూడు' అనే బటన్ పెట్టండి. నేను ఆదివారం మధ్యాహ్నం చూసింది ఎవరైనా ఒక్క నిమిషంలో చూస్తారు. పాత మెషీన్ల పేర్లూ బొమ్మలూ ప్రోగ్రామ్‌లూ తయారీదారుల సొత్తు, వాటిని ముట్టుకోకండి. చెర్రీ, నిమ్మకాయ, గంట మీరే గీసుకోండి. రీళ్ల పట్టీలు రాసుకున్నాక తెర మీద ఏమీ గీయకముందే పది లక్షల ఆటలు కోడ్‌లో తిప్పి, చెల్లింపు శాతం మీరు కాగితం మీద కట్టినదానికి సరిపోతోందో లేదో చూడండి. నిచ్చెన మీద అదే అంకె మళ్లీ వస్తే గెలుపా, ఓటమా, మళ్లీ తిప్పడమా అన్నది మొదటి రోజే తేల్చుకోండి. నేను పైన కట్టిన 77 శాతం, మళ్లీ తిప్పుతాం అనుకుని కట్టింది.